గింజెత్తు తేడా... ప్రాణమంత విలువ!

వాడేసిన ఇత్తడి గుల్లను శుభ్రం చేసి, కొత్త మందు పోసి, పైన గుండు బిగిస్తే మళ్లీ తూటా తయార్! అమెరికాలో ఇదో ఇంటి సరదా. పేరు రీలోడింగ్. అందులో అన్నింటికన్నా కీలకమైన పని మందు కొలవడం. ఆ కొలత కోసం ఓ చిన్న యంత్రం ఉంది. దాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి అన్నది ఒక కథ. అసలు ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అన్నది ఇంకో కథ. పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులకు రెండూ తెలియాల్సినవే!

మహబూబాబాద్ జిల్లా గూడూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏ పెద్దమ్మనైనా అడగండి... మానికతో కొలవడంలో ఎన్ని మతలబులున్నాయో చెబుతుంది. గింజలు మెల్లగా పోస్తే ఒక లెక్క. పోశాక మానికను నేలకేసి రెండుసార్లు తడితే ఇంకో గుప్పెడు పడుతుంది. అంచుకు సమంగా అరచేత్తో గీస్తే ఒక లెక్క, గోపురంలా పోస్తే మరో లెక్క. మానిక అదే. గింజలూ అవే. కొలిచే చెయ్యి మారితే కొలత మారిపోతుంది.

బియ్యమైతే ఏముంది? ఓ గుప్పెడు అటో ఇటో. అన్నం కొంచెం మిగులుతుంది, లేదంటే తరుగుతుంది. అదే మానిక సూత్రంతో తుపాకి మందు కొలిస్తే? అప్పుడు తేడా వస్తే తరిగేది అన్నం కాదు... వేళ్లు, కళ్లు, ఒక్కోసారి ప్రాణం!

భర్మార్ నాటి నుంచీ...

తుపాకి మందు కొలత ఈ నేలకు కొత్తేమీ కాదు. భీమునిపాదం జలపాతం దూకే గూడూరు అడవులు, ఆ పక్కనే కాకతీయుల నాటి పాఖాల చెరువును చుట్టుకున్న అడవులు ఒకప్పుడు వేటకు పేరుపడ్డవే. పాఖాల అభయారణ్యమయ్యింది 1952లో. అంతకుముందే మన పల్లెలకు బాగా తెలిసిన తుపాకి ఒకటుంది. అదే భర్మార్. 'భర్' అంటే నింపు, 'మార్' అంటే కొట్టు. పేరులోనే పనంతా ఉంది. గొట్టం మూతిలోంచి నల్లమందు పోయాలి, గుడ్డపీచో పాత గుడ్డో కుక్కాలి, ఇనుప గుండ్లు వేయాలి, ఊచతో దట్టించాలి. అప్పుడు ఒక్క దెబ్బ. మళ్లీ కొట్టాలంటే మళ్లీ మొదటి నుంచి!

1946 జూలై 4న ఇప్పటి జనగామ జిల్లా కడవెండిలో దొర గూండాల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక సాయుధ పోరాటం రాజుకుంది. దళాల చేతుల్లో వడిసెలలతో పాటు ఉన్నవి ఈ భర్మార్లే. వాటిలో ఎంత మందు పోయాలన్నది చాలావరకు చేతి అంచనా, పెద్దల అనుభవం.

ఆ అంచనా అప్పట్లో ఎలా చెల్లిందంటారా? కారణం నల్లమందు స్వభావమే. ఎంత స్థలం పడితే అంత బరువు అన్నట్టుగా దాని లెక్క కాస్త స్థిరంగా ఉంటుంది. అందుకే ప్రపంచమంతటా దాన్ని గిన్నెతోనో కొమ్ము మూతతోనో కొలిచారు. అలాగని అది సాధువేం కాదు. మోతాదు మించితే నాటు గొట్టం పగిలి కాల్చినవాడి చేతికే దెబ్బ తగిలేది.

1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే రసాయన శాస్త్రవేత్త పొగలేని మందు తయారుచేశాక లెక్కలన్నీ మారిపోయాయి. కొంచెం మందులోనే ఎక్కువ బలం! పైగా రకానికో గుణం. ఒకటి గుప్పున అంటుకుంటుంది, ఇంకోటి నిదానంగా మండుతుంది. ఒకే గిన్నెలో ఒక రకం పడినంత బరువు ఇంకో రకం పడదు. అంటే పాత గిన్నె కొలత కొత్త మందుకు పనికిరాదు. మందు కొలిచే యంత్రాలకు గిరాకీ వచ్చింది అక్కడే. అదే 1884లో అమెరికాలో జాన్ బార్లో అనే ఆయన 'ఐడియల్' పేరుతో రీలోడింగ్ సామాను కంపెనీ పెట్టాడు. 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ ఆర్‌సీబీఎస్‌ను, 1958లో రిచర్డ్ లీ తన పేరుతోనే ఇంకో కంపెనీని మొదలెట్టారు. ఈ రంగంలో ఇప్పటికీ వినపడే పేర్లివి.

ఎందుకీ తంటా?

కొత్త తూటాలు కొనుక్కోవచ్చుగా అని మీకు అనుమానం రావొచ్చు. తూటా మొత్తంలో ఇత్తడి గుల్ల ఖరీదైన భాగం. కాల్చాక అది పాడవదు. జాగ్రత్తగా వాడితే మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. పైగా తన తుపాకికి ఏ మోతాదు బాగా కుదురుతుందో వెతుక్కునే వెసులుబాటు ఉంటుంది. గురి మీద పిచ్చి ఉన్నవాళ్లకు అదో వ్యసనం.

అలాగని షూటింగ్ చేసే ప్రతివాళ్లకూ ఇది అక్కర్లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో. అందులో మందే ఉండదు, గాలి ఒత్తిడే! మరో హైదరాబాదీ ఇషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడే .22 తూటా ఒకసారి పేలితే అంతే, దాన్ని మళ్లీ నింపడం ఉండదు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన కైనాన్ చెనాయ్ లాంటి ట్రాప్ షూటర్లు పెద్ద పోటీల్లో వాడేవి ఫ్యాక్టరీ తూటాలే. రీలోడింగ్ బల్ల ముందు కూర్చునేది ఎక్కువగా దూరం గురిపెట్టే రైఫిల్ వాళ్లు, వేటగాళ్లు, వారం వారం రేంజికి వెళ్లే పిస్టల్ ప్రియులు.

పిండిమరకు చిన్న తమ్ముడు

ఇక అసలు యంత్రం సంగతి. దాన్ని పౌడర్ మెజర్ అంటారు. చూడ్డానికి బల్లకు బిగించిన బుల్లి పిండిమరలా ఉంటుంది. పైన మందు పోసే డబ్బా... హాపర్. దాని కింద తిరిగే డ్రమ్ము. డ్రమ్ములో ఓ గుంట. పక్కన చేతిపిడి. పిడి ఒకవైపు తిప్పితే గుంట పైకొచ్చి మందుతో నిండుతుంది. రెండోవైపు తిప్పితే గుంట తలకిందులై, నిండిన మందు కింది గొట్టంలోంచి గుల్లలోకి జారుతుంది. గుంట లోతు పెంచడానికీ తగ్గించడానికీ ఓ మర ఉంటుంది. అంతే!

గమనించారా? ఇది బరువు చూడదు. మానికలాగే పరిమాణాన్నే కొలుస్తుంది. బరువు చూసేది త్రాసు. అందుకే ఈ పనిలో మొదటి పాఠం ఒకటే. త్రాసు లేకుండా పౌడర్ మెజర్ కొనకూడదు. ముందు త్రాసు, తర్వాతే యంత్రం.

ఏది కొనాలి?

గరిటెలు: అన్నింటికన్నా చౌక ఇవే. వేర్వేరు పరిమాణాల చిన్న ప్లాస్టిక్ చెంచాలు. ఏ చెంచాకు ఏ మందు ఎంత బరువు పడుతుందో పట్టిక ఇస్తారు. నెలకు ఏ నలభై యాభయ్యో నింపుకునేవాళ్లకు సరిపోతాయి. కానీ ముంచే తీరు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. కావలసిన బరువుకు సరిగ్గా సరిపోయే చెంచా అన్నిసార్లూ దొరకదు.

డ్రమ్ము యంత్రం: ఎక్కువమంది బల్లల మీద ఉండేది ఇదే. వందల తూటాలు నింపేవాళ్లకు బాగా కలిసొస్తుంది. కొనేటప్పుడు మూడు చూడాలి. మొదటిది, డ్రమ్ము బిగువు. వదులుగా ఉంటే సన్నటి మందు సందుల్లోంచి కారుతుంది. రెండోది, మోతాదు మర. సవరించాక గట్టిగా బిగించే నట్టు ఉండాలి. లేకపోతే పని మధ్యలో అదే తిరిగిపోయి కొలత మారుతుంది. మూడోది, గుంట సైజు. పిస్టల్‌కు కావలసిన చిటికెడు మందును రైఫిల్‌కు చేసిన వెడల్పాటి గుంటతో కొలిస్తే తేడాలు ఎక్కువ. అందుకే కొన్ని కంపెనీలు చిన్నా పెద్దా రెండు డ్రమ్ములు ఇస్తాయి.

ఎలక్ట్రానిక్ యంత్రం: బరువు నొక్కితే చాలు, తనే సన్నగా రాల్చి, తూచి, ఆగిపోతుంది. సుఖమే! కానీ ఖర్చెక్కువ, వేగం తక్కువ. ఫ్యాను గాలి తగిలినా బల్ల కదిలినా అంకె ఊగుతుంది. దాని మాట మీదే పూర్తిగా ఆధారపడకుండా అప్పుడప్పుడూ తెలిసిన బరువుతో సరిచూసుకోవాల్సిందే.

మీరు ఏది ఎంచుకోవాలన్నది మీ మందు ఆకారం కూడా చెబుతుంది. బంతిమందు ఆవాల్లా జారుతుంది. డ్రమ్ము యంత్రానికి అదంటే ప్రాణం. రేకుల మందు అటుకుల్లా గుంటలో అడ్డంగా నిలబడి ఖాళీలు వదులుతుంది. కడ్డీ మందు సేమియా తుంపుల్లా ఉంటుంది. డ్రమ్ము తిరిగేటప్పుడు తుంపు అంచున ఇరుక్కుని కటుక్కుమని తెగుతుంది. పిడి గుంజినట్టు చేతికే తెలుస్తుంది. ఆ మోతాదును నమ్మకూడదు. తిరిగి హాపర్‌లో పోసెయ్యాలి. కడ్డీ మందు వాడేవాళ్లలో చాలామంది చేసే పని ఇదీ: యంత్రంతో కావాల్సిన దానికన్నా కాస్త తక్కువ పోయించి, మిగతాది త్రాసు పళ్లెంలో పలుకు పలుకుగా రాలుస్తారు.

గురిగింజ లెక్క

ఈ లోకంలో బరువుకు గ్రాములు కాదు, గ్రెయిన్లు. పేరుకు తగ్గట్టే అదీ గింజ లెక్కే. ఒక పౌనుకు 7000 గ్రెయిన్లు, ఒక గ్రాముకు సుమారు పదిహేనున్నర. మన అవుసలాయన గురిగింజతో బంగారం తూచినట్టే అనుకోండి!

రెంటికీ చుట్టరికం కూడా ఉంది. 1833లో ఇంగ్లిషువాళ్లు మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. తులానికి 96 గురిగింజలు. అంటే ఒక గురిగింజ దాదాపు రెండు గ్రెయిన్లు. రీలోడింగ్ త్రాసు చూపించే అతి చిన్న తేడా గ్రెయిన్‌లో పదో వంతు. అంటే గురిగింజలో పంతొమ్మిదో వంతన్నమాట!

అంత సూక్ష్మం ఎందుకు? పిస్టల్ తూటాల్లో మందు ఐదారు గ్రెయిన్లకు మించనివి ఎన్నో. మూడు గురిగింజల ఎత్తు! అందులో అర గ్రెయిన్ ఎక్కువైతే పదో వంతు పెరిగినట్టే. అదే అర గ్రెయిన్ యాభై గ్రెయిన్లు పట్టే పెద్ద రైఫిల్ తూటాలో నూటికి ఒక వంతు. కొలత యంత్రం చేసే పొరపాటు ఒకటే అయినా చిన్న తూటాకు అది పెద్ద ముప్పు.

చెయ్యి కుదరాలి

యంత్రం కొన్నంత మాత్రాన కొలత రాదు. దానికో పద్ధతి ఉంది.

* బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. రెండు రకాలు పక్కపక్కన పెట్టుకోవడమే ప్రమాదానికి తొలిమెట్టు. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, మండే తీరు వేరు.

* మోతాదు ఎంతన్నది నోటిమాట మీద తీసుకోకూడదు. మందు కంపెనీ అచ్చువేసిన పుస్తకంలోని అంకెనే నమ్మాలి. అదీ తక్కువ మోతాదు నుంచి మొదలెట్టాలి.

* హాపర్ నింపగానే పని మొదలెట్టకూడదు. మందు కుదురుకోవాలి. మొదటి పది మోతాదులైనా తీసి తిరిగి హాపర్‌లోనే పోయాలి. త్రాసు మీద వరసగా ఒకే అంకె వచ్చాకే గుల్లల దగ్గరికి వెళ్లాలి.

* పిడి తిప్పే వేగం, ఆగే చోటు ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఒకసారి మెల్లగా, ఇంకోసారి టపీమని తిప్పితే... మానికను నేలకేసి తట్టినట్టే!

* హాపర్‌లో మందు అడుగంటేదాకా ఆగకూడదు. పైనున్న మందు బరువు తగ్గితే గుంటలో దట్టంగా పడదు. అందుకే సగానికి తగ్గకుండా చూసుకుంటారు. ఆ ఒత్తిడి నిలకడగా ఉండేందుకు హాపర్ లోపల ఓ అడ్డురేకు పెడతారు.

* పది మోతాదులకోసారి త్రాసు మీద చూడాలి. తేడా వస్తే వెనకటి పదీ ఖాళీ చేసి మళ్లీ నింపాలి.

* పని అయ్యాక హాపర్ ఖాళీ చేసి, మందు దాని అసలు డబ్బాలోనే పోయాలి. రాత్రంతా వదిలేస్తే రేపటికి అదే మందో గుర్తుండదు. కొన్ని మందులు ప్లాస్టిక్ హాపర్‌నూ తినేస్తాయి.

* నల్లమందును మామూలు ప్లాస్టిక్ హాపర్ యంత్రాల్లో పోయనే కూడదు. చిన్న నిప్పురవ్వ చాలు దానికి. దాని పరికరాలు వేరు.

* బీడీ, సిగరెట్, సెల్‌ఫోన్, టీవీ, కబుర్లు... ఏవీ ఆ గదిలోకి రాకూడదు. పిల్లలు అసలే రాకూడదు.

రెండు శత్రువులు

ఈ పనిలో భయపెట్టేవి రెండు. ఒకటి డబుల్ మోతాదు. ఫోన్ మోగిందనో, ఎవరో పిలిచారనో చూపు మరలుతుంది. తిరిగొచ్చి, నింపిన గుల్లలోనే ఇంకోసారి పిడి తిప్పేస్తారు. ఎన్నో పిస్టల్ గుల్లల్లో మామూలు మోతాదు సగం కూడా నిండదు కాబట్టి రెండోదీ హాయిగా పట్టేస్తుంది. పొంగి పొర్లితే కదా అనుమానం రావడానికి! ట్రిగ్గర్ నొక్కినప్పుడే తెలుస్తుంది. అప్పటికి తుపాకి ముక్కలవుతుంది.

రెండోది అసలు మందే పడకపోవడం. వినడానికి ఇదేం ప్రమాదం అనిపిస్తుంది. కానీ అడుగునుండే ప్రైమర్ ఒక్కటే పేలినా గుండును గొట్టం మధ్య దాకా తోసి వదిలేస్తుంది. చప్పుడు చిన్నగా 'టుప్' మంటుంది. అది పట్టించుకోకుండా ఇంకో తూటా కాల్చారో... ముందున్న గుండు అడ్డుపడి గొట్టమే పగులుతుంది.

రెంటికీ విరుగుడు ఒకటే. పైసా ఖర్చు లేనిది! నింపిన గుల్లలన్నీ చెక్క అచ్చులో వరసగా నిలబెట్టి, టార్చిలైటు వేసి, ఒక్కోదానిలోకీ తొంగి చూడటం. మందు మట్టం అన్నింట్లో సమానంగా ఉంటేనే గుండు బిగించాలి. ఎంత ఖరీదైన యంత్రమైనా ఆ చూపుకు సాటిరాదు.

వీసా ఏది బాబూ?

ఇంతవరకూ చెప్పిందంతా చేతి జాగ్రత్త. మనవాళ్లకు అంతకన్నా పెద్ద జాగ్రత్త ఇంకోటుంది. వరంగల్, మహబూబాబాద్ పల్లెల నుంచి వెళ్లిన పిల్లలు టెక్సాస్‌లోనో ఒహాయోలోనో ఉంటారు. సహోద్యోగి గ్యారేజీలో ఈ బల్ల చూసి ముచ్చట పడతారు. సొంతానికి తూటాలు నింపుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. అమ్మకానికి చేస్తేనే అడుగుతుంది. అయితే మనమూ చేసుకోవచ్చన్నమాట... అనుకుంటే పొరపాటు!

హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం 1998 నుంచి అక్కడ ఫెడరల్ నేరం. అక్కడి రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. అసలు మెలిక ఇంకోటి. ఆ చట్టం దృష్టిలో 'తూటా' అంటే పూర్తయిన తూటా ఒక్కటే కాదు. ఖాళీ గుల్ల, ప్రైమర్, గుండు, మందు... ఏ ఒక్కటైనా తూటా కిందే లెక్క. అంటే హాపర్‌లో మిగిలిన గుప్పెడు మందు కూడా! 2022 సవరణ తర్వాత ఈ నేరానికి శిక్ష పదిహేనేళ్ల దాకా ఉండొచ్చు. ఉద్యోగం, వీసా, ఇన్నేళ్ల కష్టం అన్నీ గాలిలో దీపాలవుతాయి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. కాబట్టి వకీలును అడిగాకే అడుగేయడం మేలు.

కొడుకునో కూతురినో చూడ్డానికి విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మానాన్నలూ తాత్కాలికులే! ఫొటో కోసం తుపాకి చేతపట్టుకునే సరదా కూడా వాళ్లకు వద్దు.

సూట్‌కేసులో వద్దే వద్దు

పోనీ, యంత్రం ఒక్కదాన్నీ ఇంటికి తెచ్చుకుందామా? మందు లేదు, గుండు లేదు, ఉత్త ఇనుప సామానే కదా అనుకోవద్దు. మన ఆయుధాల చట్టం 1959లో 'తూటా మందుగుండు' నిర్వచనం అమెరికా వాళ్లకన్నా ఒక మెట్టు పైనే ఉంది. అందులో తూటాల భాగాలే కాదు, వాటిని తయారుచేసే యంత్రాలూ ఉన్నాయి. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 2019 సవరణ ప్రకారం కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. విమానాశ్రయంలో బ్యాగు అడుగున మరిచిపోయిన ఒక్క తూటా దొరికినా పోలీసు కేసు తప్పదు. అలాంటప్పుడు తూటాలు నింపే యంత్రం దొరికితే?

మన దగ్గర లైసెన్సు తుపాకి ఉన్నవాళ్లకు ఫ్యాక్టరీ తూటాలే దారి. పుణె దగ్గర ఖడ్కీ ఆయుధ కర్మాగారంలో తయారయ్యే 12 బోర్ తూటాలు ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నవే.

అయినా మన చట్టం భర్మార్‌ను పూర్తిగా మరిచిపోలేదు. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే మూతిలోంచి మందు నింపే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు 1959 చట్టంలోనే ఉంది. గూడూరు లాంటి అడవి అంచు ఊళ్లలో ఈ మాట ఎందుకు ముఖ్యమో మక్కచేలో ఒక్కరాత్రి కావలి పడుకున్న రైతుకు తెలుసు. పందుల మంద ఒక్కసారి పడితే నాలుగు నెలల కష్టం తెల్లారేసరికి నేలపాలు. అయితే తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరుగా కావాలి. ఆ గోస పడలేక దొంగచాటుగా నాటు తుపాకి పట్టినవాళ్లకు ఎదురయ్యేవి రెండే... ఒకటి జైలు, లేదంటే అంచనా తప్పిన మందుతో పగిలే గొట్టం.

గూడూరు చేనైనా, డాలస్ గ్యారేజీ అయినా తుపాకి మందు మనిషిని చూసి మొహమాటపడదు. అందుకే ఈసారి అమెరికా వెళ్లినప్పుడు పిల్లల గ్యారేజీలో బుల్లి పిండిమర లాంటిది కనిపిస్తే ఊరికే నవ్వి వదిలేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి. "నీ వీసా ఏంది బిడ్డా? బల్ల మీద ఎన్ని మందు డబ్బాలున్నయి? రాత్రి హాపర్ ఖాళీ చేసినవా?"

మూడింటికీ తడుముకోకుండా జవాబొస్తే సరే. ఏ ఒక్కదానికి నసిగినా ఆ బల్ల మీద ఇంకో తూటా తయారవకుండా చూడాల్సింది మీరే!